ఆగితే వేడిగాలి: గ్యాసు కంటే ముందు ఫ్యాను చూడండి

నకిరేకల్ దాటి వేగంగా వెళ్తున్నంతసేపు కారు ఏసీ చల్లగానే ఉంటుందని, కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుందని, మెకానిక్ గ్యాసు నింపాలంటున్నాడని రాశారు. అప్పుడే డబ్బు పెట్టకండి అన్నా.

ఈ లక్షణం చూస్తే నాకు ముందు బానెట్ కింది ఫ్యాను మీదే అనుమానం. బండి పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను, అంటే ఏసీ వేడిని బయటికి వదిలే సన్నని రేకుల జాలీని, చల్లబరుస్తుంది. నిలిచాక ఆ పని ఫ్యానుదే. అది తిరగకపోతే వేడి బయటికి పోక గ్యాసు పీడనం పెరుగుతుంది. హద్దు దాటితే గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసర్ తనంతట తానే ఆగిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. చేయి మాత్రం దూరంగా ఉంచండి, ఫ్యాను ఎప్పుడు అందుకుంటుందో తెలియదు. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు), చివరికి మోటారు. హారన్ రిలే అదే రకమైతే మార్చి పెట్టి చూడండి, పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

ఫ్యాను బాగానే తిరుగుతుంటే కండెన్సర్ మీద సన్నగా నీళ్లు చల్లండి. వెంటనే చల్లబడితే దానికి గాలి అందడం లేదన్నమాట. మన నల్గొండ వైపు పత్తి లారీల వెనుక, వరికోతల దుమ్ములో తిరిగిన బండికి ఆ రేకుల మధ్య నూగు పేరుకోవడం మామూలే. నేను రెండుసార్లు గ్యాసు నింపించుకున్నాక గాని ఆ సంగతి తెలుసుకోలేదు! ఇంజిన్ చల్లారాక మెల్లని ధారతో కడగండి. పంపు జోరుకు రేకులు వంగిపోతాయి.

అప్పటికీ మారకపోతేనే గ్యాసు పీడనం కొలిచే గేజీలు పెట్టించండి. గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, అది దొరకనిదే నింపనివ్వకండి.