సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్రం మీద ఆర్ట్ పెడితే అతుకుతుందా?

కాలనీ పార్కులో సముద్రం థీమ్‌తో, జనం ముట్టుకుని పాల్గొనే ఆర్ట్ పెట్టాలని ఉందన్నారు. సముద్రమే లేని ఊళ్లో దాన్ని ఎవరు పట్టించుకుంటారని అడిగారు. తప్పకుండా పెట్టండి. కాకపోతే అలల బొమ్మతో కాదు, మీ పక్క నాలాతో మొదలుపెట్టండి. అందులో పడ్డ ప్లాస్టిక్ నీళ్లతో పాటు సముద్రం దాకా పోవచ్చు.

మాది కూకట్‌పల్లి నాలా వైపు. మా పార్కులో ఇనుప జాలీతో పెద్ద చేప చేయించాం. నోట్లో ఖాళీ బాటిళ్లు వేస్తుంటే కడుపు నిండటం బయటికి కనిపిస్తుంది. పక్క గోడ మీద నీళ్ల దారి గీయించాం: మా నాలా, హుస్సేన్ సాగర్, మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణ, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, హంసలదీవి దగ్గర బంగాళాఖాతం. పిల్లలు ఆ గీత మీద వేలు నడిపిస్తూ ఒక్కో పేరూ చదువుతారు. పెద్దవాళ్లు చేప కన్నా ఈ గోడ దగ్గరే ఎక్కువసేపు నిలబడతారు.

అన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం పాల ప్యాకెట్ మూల. కత్తిరించగానే ఊడే ఆ చిన్న ముక్క సింకులోకో, చెత్తలోకో జారిపోతుంది. చెత్త ఏరేవాళ్లకు కూడా దొరకదు. ఆ ముక్కల కోసం గోడకు ఒక గాజు డబ్బా బిగించాం. నీలం, ఆకుపచ్చ, నారింజ ముక్కలు పేరుకుంటుంటే చూసినవాళ్లు తమ వంటింటిని తలుచుకున్నారు. ఇప్పుడు మా వీధిలో చాలామంది మూల పూర్తిగా తెగకుండా, ప్యాకెట్‌కే వేలాడేలా కత్తిరిస్తున్నారు. డబ్బా నిండటం తగ్గింది. నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

సెన్సర్లు, లైట్ల గురించి కూడా అడిగారు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 2019లో పెట్టిన ఓషన్ సైరన్ విగ్రహం పగడపు దిబ్బల దగ్గరి నీటి వేడిని బట్టి రంగు మారేలా చేసింది. చాలా గొప్ప ఆలోచన. కానీ రిపేరుకు మనిషి లేనిచోట అలాంటివి నిలవవు. నాకైతే క్రొయేషియాలోని జాదర్‌ పద్ధతి నచ్చుతుంది: 2005 నుంచి అక్కడ తీరం మెట్ల కింది పైపుల్లోకి అలలు గాలిని తోస్తుంటే సంగీతం వస్తుంది, కరెంటు అక్కర్లేదు. మనకు అల లేకపోయినా వాన ఉంది. కమ్యూనిటీ హాలు డాబా మీది నీళ్లు రకరకాల రేకుల మీద పడి మోగుతూ ఇంకుడు గుంతలోకి పోయేలా చేయొచ్చు. మా తర్వాతి ప్లాన్ అదే.

చేపే చేయిస్తే జాలీ అంచులు లోపలికి మడిపించండి, పిల్లల చేతులు కోసుకుపోతాయి. నోరు బాటిల్ పట్టేంతే ఉంచండి, లేకపోతే తడి చెత్త వేస్తారు. తోక దగ్గర తాళం వేసే తలుపు పెట్టించి, ఖాళీ చేసే రోజు చెత్త ఆటో అన్నతో ముందే మాట్లాడుకోండి.