సర్కిల్‌లో నిలబడే అమ్ములుకి

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, సాఫ్ట్‌బాల్‌లో దీని బంతి స్పీడు గంటకి 54 మైళ్ల దగ్గరే ఆగిపోయింది, ఇంక కాలేజీ జట్ల వాళ్లు చూస్తారంటావా?" అని దిగులుగా అడిగింది. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ వెనకాల నువ్వు గోడకి బంతి విసురుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇలాంటి విషయం ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చేయడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. తెలుగు చదవడం కష్టమనిపిస్తే అమ్మ చేత చదివించుకో. ఇందులో కొంత ఆవిడకి కూడా ఉంది.

మా అమ్మాయికి, అంటే మీ అక్కకి, పదేళ్లు వచ్చినప్పటి నుంచి కాలేజీకి వెళ్లేదాకా దాని బంతులు పట్టింది నేనే. పెదనాన్నకి మోకాళ్ల నొప్పులు, వంగి కూర్చోలేరు. డ్రైవ్‌వే మీద చాక్‌తో గీత గీసి, మూత మీద మెత్త ఉన్న బంతుల బకెట్ ఇంకో చివర వేసుకుని, మొహానికి మాస్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. మొదట 35 అడుగులు, తర్వాత 40, ఆ తర్వాత 43. ఇప్పుడు నువ్వు సర్కిల్‌లో, అంటే బంతి వేసే పిచ్చర్ కోసం గీసిన గుండ్రటి గీతలో, నిలబడి వేస్తున్నదీ ఆ 43 అడుగులే, కాలేజీలోనూ అంతే. ఇంక దూరం పెరగదు. ఒక్కసారి ఈ మాట మనసులో పెట్టుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

స్పీడు అక్కర్లేదని నేను అబద్ధం చెప్పను. కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి అయిన డివిజన్ 1లో, పెద్ద జట్లలో 65 దాటి వేసేవాళ్లు కనిపిస్తారు. కోచ్ చేతిలో స్పీడు కొలిచే రాడార్ గన్ ఉంటుంది, ముందు ఆ అంకె చూస్తుంది. 60 మైళ్ల వేగంతో వేసిన బంతి బ్యాటర్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు, కాబట్టి ప్రతి మైలుకీ విలువ ఉంటుంది. కానీ నీకు ఇంకా 14 ఏళ్లే. ఇంకా పొడుగవుతావు, కాళ్లలో బలం వస్తుంది. పిచ్చర్ కాలు ఆనించే రబ్బర్ పట్టీ మీద నుంచి తోసుకుని వచ్చే బలం కాళ్లదే. అది స్క్వాట్లతో, పరుగుతో, నిద్రతో, తిండితో వస్తుంది. భుజం బిగించి విసిరితే రాదు.

టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జట్టులో ఇద్దరు ఎడమచేతి పిచ్చర్లు ఉన్నారు, మోనికా ఎబట్, కాట్ ఆస్టర్‌మన్. ఎబట్ 2012లో గంటకు 77 మైళ్ల వేగంతో వేసి రికార్డు పెట్టింది. ఆస్టర్‌మన్ బంతికి అంత వేగం ఎప్పుడూ లేదు. ఆమె డ్రాప్ బాల్ బ్యాటర్ ముందుండే ప్లేట్ దగ్గరికి వచ్చాక నేల చూపులు చూసేది, బ్యాట్ దాని పైనుంచి వెళ్లిపోయేది. ఇద్దరూ ఒకే జట్టులో, ఒకే రజత పతకంతో ఇంటికొచ్చారు. మన టెక్సస్ యూనివర్సిటీ పిల్ల కాబట్టి ఆస్టర్‌మన్ వీడియోలు మా ఇంట్లో ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు.

బంతి తిరగడం ఎలా ఉందో నీకు నువ్వే చూసుకునే పద్ధతి చెప్తాను. బంతి చుట్టూ నల్ల ఎలక్ట్రికల్ టేపు ఒక్క వరస బిగించి అంటించు. డ్రాప్ బాల్ పట్టుకునేటప్పుడు ఆ టేపు నిలువుగా ఉండేలా పట్టుకుని, రెండు మూడు అడుగుల దూరం నుంచి నెట్‌లోకి మణికట్టుతో మాత్రమే వదులు. టేపు గాల్లో సన్నని నల్ల గీతలా, కదలకుండా కనిపించిందంటే బంతి సూటిగా ముందుకి దొర్లుతున్నట్టు. పక్కకి ఊగుతూ మసకగా కనిపించిందంటే నీ వేళ్లు బంతి పక్కనుంచి జారుతున్నాయి. మీ అక్క రోజూ రాత్రి భోజనానికి ముందు గ్యారేజీలో ఇలా వంద వేసేది. మొదటి రెండు నెలలు అంతా మసకే. ఒక మంగళవారం సాయంత్రం గీత కనిపించింది. అది పరుగున వంటింట్లోకి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. పోపు మాడిపోయింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే.

బంతుల్లో అన్ని రకాలూ నేర్చుకోవాలని ఆరాటపడకు. రైజ్, డ్రాప్, కర్వ్, స్క్రూ అని కోచ్‌లకి పంపే ఈమెయిల్లో ఏడు పేర్లు రాసే పిల్లలున్నారు. చూస్తే ఏడూ ఒకేలా వస్తాయి. నీకు నచ్చిన చోట వేయగలిగే ఫాస్ట్‌బాల్ ఒకటి, నిజంగా కదిలే బంతి ఒకటి, మంచి చేంజప్ ఒకటి ఉంటే నీ వయసుకి అది చాలా ఎక్కువ. చేంజప్ వేసేటప్పుడు చెయ్యి నెమ్మదించకూడదు, బంతి మాత్రమే నెమ్మదించాలి. మీ నాన్న క్రికెట్ చూస్తాడుగా, స్లోయర్ బాల్ అంటే ఏమిటో అడుగు, వివరంగా చెప్తాడు. లైన్ అండ్ లెంగ్త్ అని ఆయన ఎప్పుడూ అనే మాట ఇక్కడా పనికొస్తుంది. ప్రాక్టీసులో 60 బంతులు వేస్తే అందులో క్యాచర్ గ్లవ్ కదలకుండా పడినవి ఎన్ని అన్నది ఒక నోట్‌బుక్కులో రాసుకో. స్పీడు రాసుకోవడం కన్నా ఇది ముఖ్యం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మీ అక్క పదో తరగతిలో ఉన్నప్పుడు, జూలైలో డాలస్ దగ్గర ఒక టోర్నమెంటు. ఆ రోజు మూడో ఆట. ఎండకి ఇనుప బెంచీ ముట్టుకుంటే చేతులు కాలుతున్నాయి. బ్యాటర్ వెనకుండే వల, అదే బ్యాక్‌స్టాప్, దాని వెనక మడత కుర్చీలో ఒక కాలేజీ కోచ్ కూర్చుంది. మొదటి ఇన్నింగ్స్‌లో రాడార్ గన్ పట్టుకుంది. రెండో ఇన్నింగ్స్ సగంలో దాన్ని సంచీలో పెట్టేసింది. అయినా వెళ్లిపోలేదు, పెన్ను తీసింది. నేను పక్కనే ఉండి ఆమెనే గమనిస్తున్నాను. నాలుగో ఇన్నింగ్స్‌లో మా ఫీల్డర్, షార్ట్‌స్టాప్‌లో నిలబడే పిల్ల, తేలికైన బంతి వదిలేసింది. మీ అక్క నడుం మీద చెయ్యి వేసుకుని ఆకాశం వైపు చూసింది. అంతే, ఒక్క క్షణం. తర్వాత బ్యాటర్‌కి వరసగా నాలుగు బాల్స్, అంటే క్రికెట్లో వైడ్ లాంటివి, వేసి వాక్ ఇచ్చింది, అంటే ఆ బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కి వెళ్లిపోయింది. కోచ్ ఏదో రాసుకుని పెన్ను మూసేసింది.

అవతలి జట్టు పిచ్చర్ మా పిల్ల కన్నా నెమ్మదిగా వేసింది. ఆమె జట్టూ తప్పులు చేసింది. ప్రతిసారీ ఆ పిల్ల బంతి వదిలేసిన అమ్మాయి దగ్గరికి నడిచి వెళ్లి, గ్లవ్‌తో గ్లవ్ తట్టి, వెనక్కి వచ్చి, చేతికి మట్టి రాసుకుని, క్యాచర్ వైపు చూసేది. ఆట అయ్యాక ఆ కోచ్ ఎవరి జట్టు కోచ్‌తో మాట్లాడిందో నీకు చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి కారులో మీ అక్కకి నేను నీతులు చెప్పలేదు. ఇంటికొచ్చాక ఇద్దరం ఒక పని అలవాటు చేసుకున్నాం. చెడ్డ బంతి పడితే వెనక్కి తిరగాలి, ఒక్కసారి గట్టిగా ఊపిరి వదలాలి, బంతి మీద దారం కుట్టు వెతికి వేళ్లు పెట్టుకోవాలి, అప్పుడే మళ్లీ ప్లేట్ వైపు చూడాలి. డ్రైవ్‌వేలో నేను కావాలనే మంచి బంతిని కూడా "బాల్!" అని అరిచేదాన్ని. దానికి మొహం మారకూడదు. ఏడాది పట్టింది. తర్వాత దాన్ని తీసుకున్న కాలేజీ కోచ్, మేము క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏమందో తెలుసా? తను చూసిన ఆటలో మీ అక్క బంతిని బ్యాటర్ కంచె దాటించి హోమ్ రన్ కొట్టిందట. ఆ తర్వాతి బ్యాటర్‌కి మొదటి బంతే సరైన చోట, స్ట్రైక్, వేసిందట. అది చూశాకే దాని పేరు పక్కన గుర్తు పెట్టుకుందట.

2025 ఉమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్, అంటే కాలేజీ సాఫ్ట్‌బాల్ జాతీయ టోర్నమెంటు, దాని ఫైనల్ నువ్వూ చూశావుగా. టెక్సస్ టెక్ పిచ్చర్ నైజరీ కెనడీ, దేశంలోనే పేరున్న పిచ్చర్. మొదటి ఆటలో బ్యాటర్‌ని కావాలని వాక్‌కి పంపబోతుంటే బంతి బ్యాట్‌కి అందేంత దగ్గరికి పడింది, టెక్సస్ అమ్మాయి దాన్ని కొట్టేసింది, రెండు పరుగులు వచ్చాయి. 2-1తో ఆట పోయింది. దేశమంతా ఆ ఒక్క బంతి గురించే మాట్లాడింది. మర్నాడు మళ్లీ ఆమే సర్కిల్‌లోకి వచ్చి, ఆటంతా వేసి, 4-3తో గెలిపించింది. మూడో ఆట, ట్రోఫీ టెక్సస్‌వే. అయినా నేను దాచుకున్న వీడియో ఆ రెండో ఆటది. ఈసారి చూసేటప్పుడు బంతి వైపు కాదు, రెండు బంతుల మధ్య ఆ అమ్మాయి ఏం చేస్తోందో చూడు.

బంతి వేశాక నీ పని అయిపోయిందనుకోకు. బ్యాటర్ మెల్లగా తట్టి వదిలే బంట్ వస్తే ముందుకి పరిగెత్తాలి, క్యాచర్ చేజారిస్తే హోమ్ ప్లేట్ కాపాడాలి. నిన్ను మార్చి ఇంకో పిచ్చర్‌ని దించితే బంతి ఆ పిల్ల చేతిలో పెట్టి, జట్టు కూర్చునే డగౌట్‌లో అందరికన్నా గట్టిగా అరవాలి. కోచ్‌లు అదీ చూస్తారు.

చెల్లీ, ఈ ముక్క నీకు. వలకి ముఖం ఆనించి "మణికట్టు! మణికట్టు!" అని నేను అరిచిన ఆటలున్నాయి. ఒకసారి మా పిల్ల బంతి వేయడం ఆపి నా వైపు చూసింది. ఆ చూపు తర్వాత నేను అవుట్‌ఫీల్డ్ కంచె దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను. నువ్వూ అక్కడే కూర్చో. ఆట అయ్యాక కారెక్కగానే తప్పులు చెప్పకు, ముందు ఏం తింటావని అడుగు.

కాలేజీ కోచ్‌లకి ఈమెయిళ్లు అమ్ములే రాయాలి. తన పేరు, హైస్కూల్ పూర్తయ్యే సంవత్సరం, కుడిచేతా ఎడమచేతా, ఎక్కడ ఏ రోజు ఆడుతోంది, రెండు నిమిషాల వీడియో, అంతే. వీడియోలో క్యాచర్ వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఉండాలి. పాటలు పెట్టొద్దు. డివిజన్ 1 కోచ్‌లు 11వ తరగతి సెప్టెంబర్ 1 దాకా రిక్రూటింగ్, అంటే జట్టులోకి తీసుకోవడం, గురించి పిల్లలతో మాట్లాడకూడదన్నది రూలు. అప్పటిదాకా క్యాంపు కాగితాలు, వివరాలు నింపి పంపే ఫారాలు లాంటివి మాత్రమే పంపగలరు. కాబట్టి జవాబు రాలేదని పిల్ల మొహం వేలాడేసుకోకుండా చూడు.

చదువు సంగతి మన ఇళ్లల్లో చెప్పక్కర్లేదు గానీ, లెక్క తెలిసి ఉండాలి. డివిజన్ 1లో ఆడాలంటే హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. అది గుమ్మం మాత్రమే. సాఫ్ట్‌బాల్‌లో చాలామందికి ఫీజులో కొంత భాగమే స్కాలర్‌షిప్‌గా వస్తుంది. కింది స్థాయి డివిజన్ 3లోనూ, హార్వర్డ్, యేల్ లాంటివి ఉన్న ఐవీ లీగ్‌లోనూ ఆట పేరుతో అసలు డబ్బివ్వరు. మీ అక్క వెళ్లింది డివిజన్ 3కే. దాని ఫీజు తగ్గించింది మార్కులే. నాలుగేళ్లూ సర్కిల్‌లో నిలబడింది, కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి తిన్నగా ప్రాక్టీసుకి పరిగెత్తేది. నాకు ఆ నాలుగేళ్ల మీద ఏ అసంతృప్తీ లేదు. పెద్ద పేరున్న చోట బెంచీ మీద కూర్చోవడం కన్నా, ఆడనిచ్చే చోటు, నచ్చిన చదువున్న చోటు చూసుకోండి.

ఇంకొక్కటి. కిందనుంచి విసిరే బంతికి భుజం అరిగిపోదు, ఎన్నయినా వేయొచ్చు అని చాలామంది చెప్తారు. నమ్మొద్దు. శనివారం రెండు ఆటలు, ఆదివారం రెండు ఆటలు ఒకే పిల్ల చేత వేయించే జట్లున్నాయి. భుజం ముందు భాగంలో నొప్పి అంటే ఆ రోజుకి ఆపేయాలి, ఫైనల్ అయినా సరే. అమ్ములూ, నొప్పి ఉందని చెప్తే బలహీనురాలినని అనుకుంటారని దాచుకోకు. మీ అక్క అలా మూడు వారాలు దాచి, మూడు నెలలు ఆటకి దూరమైంది.

థాంక్స్‌గివింగ్‌కి మేము అక్కడికి వస్తున్నాం. మీ నాన్నతో చెప్పి డ్రైవ్‌వే మీంచి కారు తీయించు. 43 అడుగులు నువ్వే కొలిచి గీత గీసి ఉంచు. మాస్కు నాది నేను తెచ్చుకుంటాను.

మీ పెద్దమ్మ