టెక్ సందేహాలు: నొక్కిన పేరొకటి, ఓటు పడిన పేరొకటి

ప్రశ్న: మా ఉద్యోగుల సంఘం ఎన్నికలు ఈసారి ఫోన్‌లోనే పెట్టారు. నేను ఒక పేరు మీద వేలు పెడితే దాని కింది పేరు ఎంపికైంది. ఆ వెంటనే తర్వాతి పదవి పేజీ వచ్చేసింది. వెనక్కి వెళ్లే దారి కనపడలేదు. కంగారులో చివరిదాకా వెళ్లి 'సమర్పించు' నొక్కేశాను. నాకే సరిగ్గా వాడటం రాలేదంటారా?

మీకు రాకపోవడం కాదు, చేసినవాళ్లకు చేయడం రాలేదు. సంఘాలు, సొసైటీలు, పూర్వ విద్యార్థుల బృందాలు ఓటింగ్‌ను ఫోన్‌లోకి మార్చినప్పటి నుంచి ఈ ఉత్తరమే చిన్న చిన్న తేడాలతో మళ్లీ మళ్లీ వస్తోంది. రాసేవాళ్లలో ఎక్కువమంది ముందు తమనే తప్పుపట్టుకుంటున్నారు. అది చదివినప్పుడల్లా నాకు ఆ యాప్ చేసినవాళ్ల మీద కోపం వస్తుంది.

నొక్కగానే దానంతటదే తర్వాతి పేజీకి దూకే పద్ధతి షాపింగ్ యాప్‌లో అయితే పర్వాలేదు. వస్తువు నచ్చకపోతే తిప్పి పంపొచ్చు, వేసిన ఓటును తిప్పి పంపలేం. బ్యాలెట్‌లో ఓటరు 'తర్వాత' అని నొక్కేదాకా పేజీ కదలకూడదు. ఎంచుకున్న పేరుకు రంగు మారితే చాలదు, పక్కన టిక్కు కూడా పడాలి. రంగుల తేడా పోల్చుకోలేనివాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఇక వేలు పెట్టే చోటు. అమెరికాలో ఓటింగ్ యంత్రాల కోసం 2021లో ఆమోదించిన ప్రమాణాల ప్రకారం అది కనీసం అరంగుళం ఉండాలి, పక్కదానికీ దానికీ మధ్య ఖాళీ ఉండాలి. పేర్లన్నీ ఒకే తెరలో పట్టాలని వరసలను కుదించేవాళ్లు ఈ లెక్క ఒక్కసారైనా చూడాలి. అంచులు వంపు తిరిగిన ఫోన్లు కూడా ఇందులో కొంత పాపం మూటగట్టుకున్నాయి. పట్టుకున్న చేయి అంచుకు తగిలినా అవి నొక్కారనే అనుకుంటాయి. అందం కోసం వాడకాన్ని బలిపెట్టే ఆ మోజు నాకు ఎప్పుడూ నచ్చలేదు.

బ్యాలెట్ అమరిక ఏం చేయగలదో తెలియాలంటే అమెరికాలోని ఫ్లోరిడా వైపు చూడాలి. 2000లో అక్కడి పామ్ బీచ్ కౌంటీలో వృద్ధులకు కనపడాలని అక్షరాలు పెద్దవి చేశారు. ఉద్దేశం మంచిదే. దాంతో పేర్లు ఒక పేజీలో పట్టక ఎదురెదురుగా రెండు పేజీల్లోకి వెళ్లాయి, ఓటు వేయడానికి పొడవాల్సిన రంధ్రాలు మాత్రం మధ్యలో ఒకే వరసలో ఉండిపోయాయి. వేలమంది తాము అనుకున్న పేరుకు చెందని రంధ్రం పొడిచారు, లేదా రెండు పొడిచి ఓటు చెల్లకుండా చేసుకున్నారు. ఆ రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నిక తేలింది 537 ఓట్ల తేడాతో. కాగితం పోయి టచ్ స్క్రీన్ వస్తే ఈ బాధ తీరుతుందనుకున్నారు. 2006లో అదే రాష్ట్రంలోని సారాసోటా కౌంటీలో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సీటుకు పోటీ చేసిన ఇద్దరి పేర్లను తెర పైభాగాన పెట్టి, దాని కిందే గవర్నర్ పోటీని రంగు శీర్షికతో కొట్టొచ్చినట్టు చూపించారు. కళ్లు నేరుగా ఆ రంగు మీదకు పోయాయి. సుమారు 18 వేల బ్యాలెట్లలో కాంగ్రెస్ సీటుకు ఓటే పడలేదు. గెలుపు తేడా 369. తర్వాతి పరీక్షల్లో యంత్రంలో లోపమేదీ బయటపడలేదు. 2020లో లాస్ ఏంజిలిస్ కౌంటీ కొత్త యంత్రంలోనూ తెరకు నాలుగు పేర్లే కనిపించేవి. మిగతావి చూడాలంటే 'మరిన్ని' నొక్కాలి. దాని పక్కనే ఉన్న 'తర్వాత' నొక్కితే ఐదో పేరు ఉందని తెలియకుండానే ఆ పోటీ దాటిపోతుంది. దీని మీద ఒక నగరం కోర్టుకు కూడా వెళ్లింది.

మీ విషయానికొస్తే, ఎన్నికల అధికారికి ఈరోజే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఏ ఫోన్, ఏ పేజీ, ఏం నొక్కితే ఏం జరిగింది అన్నవి రాయండి. ఎవరికి వేయాలనుకున్నారో మాత్రం రాయకండి.

ప్రశ్న: మా సంఘానికి ఓటింగ్ పేజీ నేనే తయారుచేస్తున్నాను. ఆఫీసులో పదిమందికి చూపించాను, అందరూ బాగుందన్నారు. ఇంకేమైనా పరీక్షలు అవసరమా?

మీరు ఇంకా పరీక్ష మొదలే పెట్టలేదు. 'బాగుంది' అనేది మర్యాద మాట. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మీ సహోద్యోగులు మీ ఓటర్లకు ప్రతినిధులూ కారు. కళ్లద్దాలు మార్చుకోవాల్సిన వయసువాళ్లు, ఫోన్‌లో అక్షరాలు బాగా పెద్దవి చేసుకున్నవాళ్లు, చదవడం నెమ్మదైనవాళ్లు, తెర చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడే చూపులేనివాళ్లు, వీళ్లను పిలవండి. ఒక్కొక్కరి చేతికీ ఒక చీటీ ఇవ్వండి: అధ్యక్ష పదవికి ఫలానా పేరు, కార్యదర్శికి ముందు ఒకరిని ఎంచుకుని తర్వాత మార్చాలి, కోశాధికారిని ఖాళీగా వదిలేయాలి. తర్వాత నోరు మూసుకుని పక్కన కూర్చోండి. వాళ్లు తడబడినప్పుడు సాయం చేయాలని మీ చేయి లాగుతుంది. చేయకండి, ఆ తడబాటు చూడటానికే మీరు అక్కడున్నది. చివర్లో చీటీలో ఉన్నదీ, సర్వర్‌కు చేరిందీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎంతమందివి సరిపోలాయన్నదే మీ మార్కు. ఐదారుగురితోనే పెద్ద లోపాలు బయటపడతాయి. దిద్ది, మళ్లీ కొత్తవాళ్లతో చేయండి.

పరీక్షకు వాడే ఉత్తుత్తి పేర్లు కూడా అసలు పేర్లంత పొడుగ్గా ఉండాలి. ఒకే ఇంటిపేరు, దగ్గరి పేరు ఉన్న ఇద్దరిని కావాలని కలపండి. తెలుగులో వరసల మధ్య ఎడం చాలకపోతే వత్తులు తెగిపోతాయి, తెగితే పేరే మారిపోతుంది. బ్రౌజర్‌లో ఆటోమేటిక్ అనువాదం ఆన్‌లో ఉన్న ఫోన్‌తోనూ చూడండి. విజయ, శాంతి లాంటి పేర్లను అర్థంతో సహా ఇంగ్లిష్‌లోకి మార్చేసే ప్రమాదం ఉంది. పేర్లను అనువదించవద్దని పేజీలోనే చెప్పే వీలుంది, వాడండి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయం. అందరూ చివర్లో 'మీ ఎంపికలు సరిచూసుకోండి' అని ఒక పేజీ పెట్టి భద్రత అయిపోయిందనుకుంటారు. 2007లో రైస్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధన కోసం ఆ పేజీలోని ఎంపికలను కావాలనే మార్చి చూపించారు. 60 శాతానికి పైగా జనం గమనించలేదు. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు యంత్రం ముద్రించిన బ్యాలెట్‌లో ఒక ఓటును మార్చి ఇచ్చారు. తప్పు ఉందని సిబ్బందికి చెప్పినవాళ్లు 6.6 శాతం. అంటే ఫోన్‌లో దూరిన వైరస్ ఓటు మార్చినా చాలామంది పట్టుకోలేరు. అయితే అదే మిషిగన్ ప్రయోగంలో, ఎవరికి వేయాలో రాసుకున్న చీటీ చేతిలో ఉండి, సిబ్బంది 'ఒకసారి సరిచూసుకోండి' అని గుర్తుచేసినప్పుడు పట్టుకున్నవాళ్లు బాగా పెరిగారు. కాబట్టి సరిచూసుకునే పేజీలో పదవి, పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. అక్షరాలు పెద్దవిగా, ఖాళీగా వదిలిన పదవి కూడా ఖాళీ అని స్పష్టంగా కనపడేలా, అక్కడి నుంచే దిద్దుకునేలా ఉండాలి. అర్థంకాని తెర మీద జరిగే మోసం ఎవరి కంటా పడదు.

అదొక్కటీ చాలదు. చెడిపోయిన ఫోన్ ఒకటి చూపించి ఇంకొకటి పంపగలదు. యూరప్ దేశమైన ఎస్తోనియాలో 2005 నుంచి ఇంటర్నెట్ ఓటింగ్ ఉంది. అక్కడ 2013 నుంచి కంప్యూటర్‌లో వేసిన ఓటు సరిగ్గా చేరిందో లేదో ఫోన్‌తో, అదీ కొద్దిసేపటి వరకే, చూసుకోవచ్చు. గడువులోపు మళ్లీ వేస్తే చివరి ఓటే లెక్కకొస్తుంది. ఎవరైనా పక్కన నిలబడి వేయించుకున్నా తర్వాత మార్చుకోవచ్చు. మీరు మాత్రం 'మీరు ఫలానావారికి ఓటేశారు' అని మెసేజ్ పంపే ఆలోచన ఉంటే మానుకోండి. అది ఓటు కొనేవాడి చేతికి రసీదు ఇచ్చినట్టే.

వారం ముందు బయటివాళ్లతో దాడి కూడా చేయించండి. 2010లో వాషింగ్టన్ డీసీ అధికారులు తమ ఇంటర్నెట్ ఓటింగ్‌ను నిజం ఎన్నికకు ముందు అందరికీ తెరిచి, పగలగొట్టమన్నారు. మిషిగన్ బృందం 48 గంటల్లోపే లోపలికి దూరి ఓట్లన్నీ మార్చేసింది. నింపిన బ్యాలెట్లను ఆన్‌లైన్‌లో పంపే పథకాన్ని అధికారులు ఆపేశారు. ఆ అధికారుల ధైర్యం నాకు గౌరవనీయంగా కనిపిస్తుంది. మన దగ్గరకు వచ్చే యాప్‌లు ఎన్ని అలా తలుపు తెరిచి చూపిస్తున్నాయి?

ప్రశ్న: ఇదంతా ఎందుకు, ఉచితంగా దొరికే ఫారంలో పేర్లు పెట్టి ఓట్లు తీసుకుంటే సరిపోదా?

విహారయాత్ర తేదీ తేల్చుకోవడానికి సరిపోతుంది. రహస్య ఓటుకు చాలదు. ఒక్కరు ఒక్కసారే వేసేలా చూడాలని చాలామంది ఫారంలో ఈమెయిల్ కూడా తీసుకుంటారు. అప్పుడు ఓటు, ఈమెయిల్ ఒకే వరసలో పడతాయి, ఆ షీట్ తెరవగలిగిన ప్రతి ఒక్కరికీ అంతా తెలిసిపోతుంది.

ఓటును గుప్తీకరించి, అంటే ఎవరూ చదవలేని రహస్య రూపంలోకి మార్చి, లెక్కించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాడండి. ఒక్క జాగ్రత్త. గుప్తలేఖన పరిశోధకుల అంతర్జాతీయ సంఘమే 2025లో తన ఎన్నికను రద్దు చేసి మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. లెక్క విప్పడానికి ముగ్గురి డిజిటల్ తాళంచెవులూ కావాలి, ఒకరు తమది పోగొట్టుకున్నారు. ఆ తర్వాత ముగ్గురిలో ఏ ఇద్దరున్నా చాలనే పద్ధతికి మారారు. మీరు మొదటిరోజు నుంచే అలా పెట్టుకోండి. ఓటింగ్ తెరిచే ముందు ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి, పది ఉత్తుత్తి ఓట్లు వేయించి, లెక్క విప్పించి చూడండి.