పాప మెయిల్‌లో నాలుగు లైన్లు, నాలుగూ సగమే

ప్రొద్దుటూరు నుంచి ఒక నాన్న అడిగినారు: "సార్, మా పాప బీకామ్ ఫైనల్ ఇయర్. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి ఒక ఆఫీసుకి మెయిల్ పెడితే, 'ముందు ఇంగ్లీషులో వాక్యాలు పూర్తిగా రాయడం నేర్చుకో' అని జవాబొచ్చిందంట. అప్పట్నుంచి డల్ అయిపోయింది. బెంగళూరులో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సు, హాస్టల్‌తో కలిపి 45 వేలంటున్నారు. చేర్పించమంటారా? ఆ మెయిల్ కూడా పంపుతున్నా."

అన్నా, ఆ 45 వేలు ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనీయండి. మెయిల్ రెండుసార్లు చదివినాను, స్పెల్లింగ్ ఒక్కటి కూడా తప్పు లేదు, పాపకి మాటలు బాగానే వచ్చు. స్పోకెన్ కోర్సులో మాట్లాడడం నేర్పిస్తారు, మాట్లాడేటప్పుడు ఫుల్‌స్టాప్ ఎవరికీ కనపడదు, ఈమెకొచ్చిన చిక్కంతా ఫుల్‌స్టాప్ ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. ఇక్కడి నుంచి పాపని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఏం రాసినావో చూడమ్మా: "యాజ్ ఐ యామ్ కంప్లీటింగ్ మై బీకామ్ దిస్ ఇయర్." ఫుల్‌స్టాప్. "అప్లయింగ్ ఫర్ ద పోస్ట్ ఆఫ్ అకౌంట్స్ అసిస్టెంట్." ఫుల్‌స్టాప్. "బికాజ్ ఐ లైక్ వర్కింగ్ విత్ నంబర్స్." మళ్ళీ ఫుల్‌స్టాప్. "ట్యాలీ అండ్ ఎక్సెల్ వెరీ గుడ్." నాలుగూ సగం వాక్యాలే, గ్రామర్‌లో వీటినే ఫ్రాగ్మెంట్లు అంటారు, అంటే ముక్కలు.

నీకు తెలివి లేక వచ్చిన తప్పు కాదిది, తెలుగు బాగా వచ్చినందుకు వచ్చిన తప్పు. ఎట్లంటావా, మనం "వచ్చినాను" అంటే చాలు, ఎవరొచ్చిందీ ఆ "ను"లోనే ఉంది, నేను అని వేరే చెప్పే పని లేదు. ఇంగ్లీషులో "కేమ్" అంటే నేనొచ్చినానో, మీ నాయనొచ్చినాడో, ఎద్దొచ్చిందో తెలీదు, అందుకే వాళ్ళకి ముందర "ఐ"యో "హీ"యో ఉండి తీరాల. ఇంకోటి, "మాది ప్రొద్దుటూరు" అన్నావనుకో, అందులో క్రియే లేదు, అయినా నిండు వాక్యం. ఇంగ్లీషులో అది చెల్లదు, "ఈజ్"యో "యామ్"యో పడాల్సిందే. నీ ట్యాలీ లైన్‌లో పోయింది అదే. "నాకు ట్యాలీ, ఎక్సెల్ మీద మంచి పట్టు" అని మనసులో అనుకుని, ఆ వరసలోనే దించేసినావు.

అసలు కథ మాత్రం యాజ్, బికాజ్‌ల దగ్గరుంది. తెలుగులో "వానొస్తే" అని చెప్పి ఎవరైనా ఆగిపోతే నువ్వు ఊరుకుంటావా? "వానొస్తే ఏంది?" అంటావు. ఎందుకంటే ఆ "తే" చివర్లో ఉంది, చెవికి తగుల్తుంది, మాట ఇంకా ఉందని తెలిసిపోతుంది. "కాబట్టి" అయినా, "గానే" అయినా, "అయినా సరే" అయినా అంతే, మన తోక వెనకాల ఉంటుంది. ఇంగ్లీషోళ్ళ తోక ముందుంటుంది. ఇఫ్, వెన్, యాజ్, బికాజ్, ఆల్దో, అన్నీ మొదట్లోనే వచ్చేస్తాయి, తర్వాత ఎనిమిది మాటలు రాసేసరికి మొదట ఏం పెట్టినామో మర్చిపోతాం, చివర్లో వేలాడేదేమీ కనపడదు, హాయిగా ఫుల్‌స్టాప్ పెట్టేస్తాం. నీ మొదటి లైన్ తెలుగులో చెప్పుకుని చూడు, "ఈ ఏడు బీకామ్ పూర్తి చేస్తున్నాను కాబట్టి." కాబట్టి ఏంది? అదే ప్రశ్న ఆ ఆఫీసాయనకి కూడా వచ్చింటుంది.

బికాజ్‌తో ఇంకో తంటా ఉంది. తెలుగులో "ఎందుకంటే" అని కొత్త వాక్యం మొదలుపెట్టొచ్చు, నేను పైన మొదలుపెట్టినట్టే. అలవాటు కొద్దీ బికాజ్‌ని కూడా అట్లే వాడతాం, ఇంగ్లీషులో అది ఒంటరిగా నిలబడదు. అట్లని బికాజ్‌తో వాక్యం మొదలుపెట్టనే కూడదని స్కూల్లో ఎవరైనా చెప్పింటే నమ్మబాకు. "బికాజ్ ఇట్ రెయిన్డ్, ద బస్ వాజ్ లేట్" అనేది నిక్షేపమైన వాక్యం, కామా తర్వాత అసలు మాట వచ్చింది కదా.

"అప్లయింగ్" సంగతి చిన్నదే. ఐఎన్‌జీ ఒక్కటే ఉంటే అది మన "చేస్తూ" లాంటిది. "అన్నం తింటూ." అని ఆపుతావా? ముందర "ఐ యామ్" పెడితే "చేస్తున్నాను" అవుతుంది, అప్పుడు నిలబడుతుంది. "టు అప్లై" అన్నా "చేయడానికి" అనే అర్థం, దానికీ ఇదే లెక్క.

పొడుగ్గా ఉంటే పూర్తి వాక్యమనుకునేవాళ్ళు చానామంది, మా ఇంటర్ క్లాసులో నాతో సహా. "ద గర్ల్ హూ కేమ్ ఫ్రమ్ ప్రొద్దుటూరు బై ద మార్నింగ్ బస్." ఇంత రాసినా వాక్యం కాలేదు. కేమ్ అని క్రియ ఉంది కదా అంటావేమో, దాన్ని "హూ" లాగేసుకుంది. "పొద్దున బస్సుకి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన అమ్మాయి" దాకానే చెప్పినావు, ఆ అమ్మాయి ఏం చేసింది? అదే "గో." అని ఒక్క మాట రాస్తే పూర్తి వాక్యం, ఎదుటి మనిషికి చెప్పే ఆర్డర్ కాబట్టి "యూ" అనేది లోపలే ఉన్నట్టు లెక్క.

ఇప్పుడు నీ మెయిల్ ఇట్లా మార్చు: "ఐ యామ్ కంప్లీటింగ్ మై బీకామ్ దిస్ ఇయర్. ఐ యామ్ అప్లయింగ్ ఫర్ ద పోస్ట్ ఆఫ్ అకౌంట్స్ అసిస్టెంట్ బికాజ్ ఐ లైక్ వర్కింగ్ విత్ నంబర్స్. ఐ నో ట్యాలీ అండ్ ఎక్సెల్ వెల్." మాటలన్నీ దాదాపు నీవే చూడు, నేను పెద్దగా కలిపిందేమీ లేదు. ముక్కలంటే భయపడి అన్నిటినీ కామాలతో కుట్టేసి ఒకే లైన్ చేసేస్తావేమో, అది ఇంకో తప్పు. "ఐ ఫినిష్డ్ మై బీకామ్, ఐ నీడ్ ఎ జాబ్" అని రెండు నిండు వాక్యాల మధ్య ఒట్టి కామా సరిపోదు, ఫుల్‌స్టాప్ అయినా పెట్టాల, లేదంటే అండ్, సో లాంటిదేదైనా కలపాల.

రోజూ ఆరు లైన్లు రాయి, ఏమైనా సరే, ఇంట్లో జరిగిందే రాయి. రాసినాక చివరి వాక్యం నుంచి మొదటికి, వెనక్కి చదువుకుంటా రా. వరసలో చదివితే ముందు వాక్యం అర్థం తర్వాతి ముక్కకి సాయం వచ్చేస్తుంది, తప్పు దాక్కుంటుంది. వెనక నుంచి చదివితే ప్రతి ముక్కా ఒంటరిగా దొరుకుతుంది. ఎవరు, ఏం చేసినారు, మొదట్లో వేలాడే మాట ఏమన్నా ఉందా, ఈ మూడూ అడుగు. ఫోన్‌లో తప్పులు దిద్దే యాప్ ఉంటే మొదటే తెరవద్దు, నువ్వు చూసుకున్నాక తెరువు.

అన్నా, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్, అంటే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి డిగ్రీ వాళ్ళు రాసే పరీక్ష, రాయిస్తామని కూడా ఒక లైన్ పెట్టినారు. అందులో టియర్ 1, అంటే మొదటి దశలో, ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పు జవాబుకి అర మార్కు కోత. వాక్యంలో తప్పు పట్టడం, వాక్యం సరిచేయడం లాంటివి దాంట్లో వస్తాయి, కాబట్టి ఈ సాధన అక్కడికీ పనికొస్తుంది. రెండు నెలలు ఇట్లా చేసినాక ఇంటర్వ్యూలో నోరు తెరవాలంటే భయంగా ఉందని పాపే చెప్తే, అప్పుడు స్పోకెన్ క్లాసు చూద్దాం, అదీ కడపలోనో ప్రొద్దుటూరులోనో, బెంగళూరు దాకా ఎందుకు.

చివర్లో "థ్యాంకింగ్ యూ" అని ఉంది, అది కూడా ముక్కే. పాతకాలం ఉత్తరాల్లో దాని తర్వాత "ఐ రిమైన్" అని ఉండేది, అది రాలిపోయి ఇదొక్కటే మిగిలింది. ఎవరూ పట్టించుకోరు గానీ "థ్యాంక్ యూ" అని మార్చేయమనండి. రెజ్యూమే ఫైల్ పేరు "న్యూ ఫైనల్ ఫైనల్ 2" అని ఉంది, దానికి మాత్రం పాప పేరు పెట్టి పంపమనండి.