ఆ వర్ణన ఎవరిది?

చిరంజీవికి,

నీ ఇంగ్లిష్ వ్యాసం చదివాను. మాటలకు కొదవలేదు కానీ ఏ వర్ణన ఏ నామవాచకానిదో రెండోసారి చదివితే గానీ తెలియడం లేదు.

తెలుగులో వర్ణనంతా ముందు చెప్పి నామవాచకాన్ని చివర పెడతాం: 'బల్ల మీద ఉన్న ఎర్ర పుస్తకం'. ఇంగ్లిష్‌లో 'రెడ్' లాంటి ఒంటి విశేషణం సాధారణంగా ముందుంటుంది, పదబంధం వెనక్కి పోతుంది: 'ద రెడ్ బుక్ ఆన్ ద టేబుల్'. వెనక్కి పోయినది తన నామవాచకాన్ని ఆనుకునే ఉండాలి. 'ఐ గేవ్ ద చైల్డ్ ఎ టాయ్ విత్ కర్లీ హెయిర్' అని రాశావు. పాపాయి ఉంగరాల జుట్టు కాస్తా బొమ్మ పాలైంది! 'ఐ గేవ్ ఎ టాయ్ టు ద చైల్డ్ విత్ కర్లీ హెయిర్' అను.

మనవాళ్లకు అసలు చిక్కు ఇంకోటి. నేను రాసిన ఉత్తరం, నేను రాసిన పెన్ను, నేను రాసిన కాగితం: మూడింటికీ 'రాసిన' ఒక్కటే. సంబంధమేమిటో వినేవాడే గ్రహిస్తాడు. ఇంగ్లిష్ అలా వదిలేయదు. ఉత్తరానికైతే 'ద లెటర్ ఐ రోట్' చాలు. పెన్నుకు 'ద పెన్ ఐ రోట్ విత్', కాగితానికి 'ద పేపర్ ఐ రోట్ ఆన్' అనాలి. ఆ విత్, ఆన్ మన 'రాసిన'లో కనబడవు కాబట్టే రాసేటప్పుడు జారిపోతాయి. అనుమానమొస్తే పదబంధాన్ని విడి వాక్యం చేసి చూడు: 'ఐ రోట్ విత్ ద పెన్'. అక్కడ ఉన్న ప్రిపొజిషన్ ఇక్కడా ఉండాల్సిందే. ప్రిపొజిషన్‌తో వాక్యం ముగియకూడదని ఎవరైనా దబాయిస్తే విని ఊరుకో.

'వాకింగ్ హోమ్, ద రెయిన్ స్టార్టెడ్' కూడా అలాంటిదే. 'ఇంటికి నడిచి వస్తుండగా వాన మొదలైంది' తెలుగులో నిక్షేపంలాంటి వాక్యం. 'ఉండగా' వేరే కర్తను ఒప్పుకుంటుంది. ఇంగ్లిష్‌లో మాత్రం కామా తర్వాత వచ్చే కర్తే నడిచినట్టు లెక్క, అంటే వాన నడిచింది. 'వాకింగ్ హోమ్, ఐ గాట్ వెట్' అని మార్చు.

కామా సంగతీ చూసుకో. 'మై బ్రదర్ హూ లివ్స్ అబ్రాడ్' అంటే అన్నదమ్ముల్లో ఫలానావాడని వేరు చేయడం. 'హూ'కు ముందు, 'అబ్రాడ్' తర్వాత కామా పెడితే ఆ మాట అదనపు సమాచారమే అవుతుంది.

మూడో పేరాలో 'హూ', 'విచ్' ఉన్నచోటల్లా గీత గీయి. ఎడమపక్కనున్న నామవాచకం నువ్వనుకున్నదేనా చూసుకుని, తిరగరాసి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న