కట్లా పొంగితే కొండెక్కాలి

ప్రశ్న: మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. సెప్టెంబర్లో మమ్మల్ని ఐస్‌లాండ్ తీసుకెళ్లి, వీక్ అనే ఊళ్లో రెండు రాత్రులు ఉంచుతానంటున్నాడు. ఆ ఊరి వెనకాలే మంచు కింద కట్లా అనే అగ్నిపర్వతం ఉందనీ, 1918 తర్వాత పెద్దగా పేలలేదు కాబట్టి ఇవాళో రేపో పేలుతుందనీ మావారు ఎక్కడో చదివారు. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వెళ్లండమ్మా. స్వెట్టర్లు మాత్రం మర్చిపోకండి.

మన కట్ల చేపకీ దీనికీ చుట్టరికం లేదు. ఐస్‌లాండ్ భాషలో కాగు అనే మాటలోంచి వచ్చిన పేరిది. పెట్టినవాళ్లెవరో గానీ సరిగ్గా పెట్టారు. మిర్దాల్స్‌యోకుట్ల్ అనే హిమానీనదం కింద సుమారు 10 కిలోమీటర్ల వెడల్పున పెద్ద గుంట, దాని మీద కొన్నిచోట్ల 700 మీటర్ల మందాన మంచు. కింద నుంచి శిలాద్రవం ఎగదన్నితే ఏమవుతుందో, కాగే నూనెలో తడి గరిటె పెట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. నీరు ఒక్కసారిగా ఆవిరై, ఆ ద్రవాన్ని తునాతునకలు చేసి బూడిదగా చిమ్ముతుంది. మిగతా నీరు మంచు కిందే నిండి, దారి దొరకగానే మంచుపెళ్లల్నీ ఇసకనీ మోసుకుంటూ మైదానం మీద పడుతుంది. కట్లా దగ్గర జనం ఎక్కువగా భయపడేది ఈ వరదకే.

మీది రాజమండ్రి కాబట్టి మీకు తెలిసిన కొలతలోనే చెబుతాను. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నేనప్పుడు డిగ్రీ కుర్రాణ్ణి. బ్యారేజీ చూద్దామని వెళ్తే పోలీసులు తరిమేశారు గానీ, ఆ హోరు రాత్రంతా చెవుల్లోనే ఉండిపోయింది. 1918 అక్టోబర్ 12న కట్లా వదిలిన వరద, బాగా ఉధృతంగా ఉన్నప్పుడు, దానికి మూడు రెట్లని అంచనా. అదీ గంటల వ్యవధిలో! ఆల్ఫ్తావెర్ రైతులు ఆ రోజు గొర్రెల్ని తోలుకొస్తున్నారు. వరద చూసి గుర్రాల్ని పరిగెత్తించి ప్రాణాలు దక్కించుకున్నారు. కొట్టుకొచ్చిన ఇసకా మట్టీ మేట వేసి, తీరం కిలోమీటర్ల కొద్దీ సముద్రంలోకి జరిగింది. పేలుడు మూడు వారాలకు పైగా సాగింది. 1755లో అయితే బూడిద మేఘంలో పుట్టిన పిడుగులకి ఇద్దరు పోయారు.

ఇక మీవారి లెక్క. పెద్ద పేలుళ్లు 1721, 1755, 1823, 1860, 1918. మధ్య ఎడం 34, 68, 37, 58 ఏళ్లు. ఇందులో ఆయనకి టైంటేబుల్ కనిపిస్తే నాకూ ఒక కాపీ పంపమనండి. 2010లో పక్కనున్న ఎయాఫ్యాట్లాయోకుట్ల్ పేలి యూరప్ విమానాలు ఆగిపోయినప్పుడు కూడా ‘తర్వాత కట్లాయే’ అన్నారు. 1821లో అది పేలాక 1823లో ఇది పేలింది మరి. ఈసారి అలా జరగలేదు. 2011 జులైలో మాత్రం చిన్న వరదొచ్చి మూలాక్విస్ల్ నది మీది వంతెనను ఎత్తుకుపోయింది. వారంలో తాత్కాలిక వంతెన కట్టేశారు. (మా ఊరి కల్వర్టుకి మూడేళ్లు పట్టింది, అది వేరే సంగతి.)

కట్లా చుట్టూ భూకంపాల్ని పసిగట్టే పరికరాలున్నాయి. ప్రమాదం ఉంటే ఫోన్లకి మెసేజ్ వస్తుంది. వీక్‌లో కొండ మీద ఎర్ర కప్పు చర్చి ఒకటి కనిపిస్తుంది. మెసేజ్ వస్తే సామాన్లు వదిలేసి అక్కడికి ఎక్కడమే. మీ మోకాళ్ల సంగతి రాయలేదు. నొప్పులుంటే మొదటి సాయంత్రమే ఒకసారి నెమ్మదిగా ఎక్కి, ఎంతసేపు పడుతుందో చూసుకోండి.