కాలేయానికి కీడు చేసే తిండి గురించి మా మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి శ్రావణికి మేనత్త ఆశీస్సులతో రాసేది.

నీ ఉత్తరమూ, దానితో పాటు రెండు వరసలుగా రాసి పంపిన పట్టికా అందాయి. మానేయవలసినవంటూ ఎడమ పక్కన ఆవకాయ, గొడ్డుకారం, వంకాయ, గోంగూర, చేపల పులుసు, నెయ్యి రాశావు. మొదలుపెట్టవలసినవంటూ కుడి పక్కన బీట్‌రూట్ జ్యూసు, పండ్ల రసాలు, పసుపు మాత్రలు, కామెర్లకు ఎవరో పోస్తారన్న పసరు రాశావు. మీ మామగారు కాలేయ క్యాన్సర్‌తో పోయి ఏడాది తిరగక ముందే మీ ఆయనకు స్కానింగులో ఫ్యాటీ లివర్, అంటే కాలేయానికి కొవ్వు పట్టిందని రావడంతో నీకు కంటి మీద కునుకు లేదని మీ అమ్మ చెప్పింది. అయినా ఉన్నమాట చెప్పాలి కదా. ఎడమ పక్కన ఉన్నవాటికీ కాలేయ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని ఎవరూ తేల్చలేదు. కుడి పక్కన ఉన్నవాటిలో కొన్ని మాత్రం కాలేయాన్ని నేరుగా దెబ్బతీయగలవి. అసలు చూడవలసిన వేరుశనగ గుళ్ల డబ్బా, ఎండుమిరపకాయల బస్తా, ఆదివారం నాటి సీసా నీ పట్టికలో ఎక్కడా లేవు. గుంటూరులో ఎగుమతి సరుకును పరీక్షించే ల్యాబులో ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని కనుక సరుకు సంగతి నేను చెప్పగలను. వైద్యం సంగతి మీ డాక్టరు చెప్పినట్టే నడుచుకోండి.

వంటింటి కంటే ముందు రక్తపరీక్ష. మీ మామగారికి కాలేయాన్ని పట్టే హెపటైటిస్ బి వైరస్ ఉండేదని నువ్వు ఒక్క ముక్కలో రాసి దాటేశావు గానీ, ఈ కథకంతటికీ మూలం అదే. ఆ వైరస్ ఉన్న మనిషికీ లేని మనిషికీ ఒకే తిండి ఒకే రకంగా పనిచేయదు. చైనాలోని షాంఘైలో సుమారు 18 వేల మంది మగవారిని ఏళ్ల తరబడి గమనించి, 1990ల మొదట్లో ప్రకటించిన ఫలితాలు మా రంగంలో ఉన్నవాళ్లకు కంఠతా వచ్చు. బూజు విషమైన అఫ్లటాక్సిన్ జాడ మూత్రంలో కనిపించినవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు మూడు రెట్లకు కాస్త పైన, హెపటైటిస్ బి ఒక్కటే ఉన్నవారికి ఏడు రెట్లు, రెండూ ఉన్నవారికి దాదాపు 60 రెట్లు ఉన్నట్టు తేలింది. కాబట్టి మీ ఆయన, ఆయన అన్నదమ్ములు, మీ ఆడపడుచు, మీ అత్తగారు అందరూ హెపటైటిస్ బి ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష, దానితో పాటే హెపటైటిస్ సి పరీక్ష చేయించుకోవాలి. వైరస్ లేదని, రక్షణ కూడా లేదని తేలినవారికి టీకా ఉంది. పెద్దవాళ్లకు మామూలుగా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మన పిల్లల టీకాల్లో ఇది దేశమంతటా చేరింది 2011లో కనుక, మీ ఆయన వయసు వాళ్లకు చిన్నప్పుడు పడి ఉంటుందని అనుకోవద్దు. వైరస్ ఉందని తేలినా గుండె చెదరనక్కరలేదు. బి ని అదుపులో ఉంచే మాత్రలున్నాయి. సి అయితే సాధారణంగా 12 వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. ముప్పు ఎక్కువగా ఉన్నవారికి డాక్టర్లు ఆరు నెలలకొకసారి కడుపు స్కానింగు చేయిస్తారు. చిన్న గడ్డగా ఉన్నప్పుడే పట్టుకోవడానికి అంతకంటే దారి లేదు.

ఇక్కడే ఇంకొక మాట. మామగారి కంచం, గ్లాసు చివరి రోజుల్లో వేరు పెట్టారని విన్నాను. హెపటైటిస్ బి రక్తం ద్వారా, సంభోగం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుందే గాని ఒకే కంచంలో తిన్నందువల్ల రాదు. రేపు మీ ఇంట్లో ఎవరికైనా ఉందని తేలితే షేవింగు బ్లేడు, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర మాత్రం వేరుగా ఉంచండి. కంచం వేరుపెట్టి మనిషిని కుంగదీయకండి.

ఇక బూజు సంగతి. 1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చచ్చిపోతే, వాటి దాణాలో కలిపిన, నూనె తీయగా మిగిలిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. అది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు తిన్నప్పటి సంగతి. మనబోటి వాళ్ల ఇళ్లలో జరిగేది వేరు: కొద్దికొద్దిగా, ఏళ్ల తరబడి, రుచీ వాసనా తెలియకుండా లోపలికి పోతుంది. కాలేయం దాన్ని విరగగొట్టబోయి మరింత చురుకైన రూపంలోకి మారుస్తుంది; ఆ రూపం కణంలోని జన్యుపదార్థానికి అతుక్కుని, క్యాన్సర్‌ను అదుపు చేసే జన్యువునే చెడగొడుతుంది. మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిస్సందేహంగా తేలిన పదార్థాల వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని ఎప్పుడో చేర్చింది.

ఉడికిస్తే పోదా అని అడుగుతావు. పోదు. మరిగే నీళ్ల వేడి 100 డిగ్రీలు, బాగా కాగిన నూనె వేడి 180 చిల్లర. ఈ విషం పూర్తిగా విరిగిపోవడానికి 250 డిగ్రీలు దాటాలి. దోరగా వేయిస్తే కొంత తగ్గుతుంది, అంతే. బూజు పట్టినదాన్ని కడిగి మళ్లీ ఎండలో పోస్తే బూజు చస్తుంది గాని, అప్పటికే గింజలోకి దిగిన విషం అక్కడే ఉంటుంది. పైకి బూజు కనిపించనంత మాత్రాన విషం లేదనీ చెప్పలేం. ల్యాబు చీకటిగదిలో అతినీలలోహిత దీపం కింద నమూనా చుక్క వేసిన పలక పెడితే, పైకి నవనవలాడుతున్న సరుకు నుంచి తీసిన నమూనా కూడా ఒక్కొక్కసారి నీలంగా వెలిగేది.

అందువల్ల కొనేటప్పుడూ, దాచేటప్పుడూ జాగ్రత్తపడడమే మన చేతిలో ఉన్న పని. వేరుశనగ గుళ్లను ఒక్కో నెలకు సరిపడా మాత్రమే కొను. తెచ్చిన రోజే చేటలో పోసి కిటికీ వెలుతురులో ఏరు. ముడుచుకుపోయినవి, పొట్టు నల్లబడినవి, విరిగినవి, మొలక వచ్చినవి, పురుగు తొలిచినవి తీసి పారేయి. ఒక పిడికెడు గింజలను బద్దలుగా విడదీసి మధ్య గాడిలో ఆకుపచ్చని లేదా బూడిదరంగు పొడి ఉందేమో చూడు. బస్తా మొత్తంలో విషమంతా సాధారణంగా కొద్ది గింజల్లోనే పోగై ఉంటుంది కనుక, ఏరి పారేసిన ఆ గుప్పెడుతోనే చాలా భాగం పోతుంది. చేదుగా, ముక్కినట్టుగా తగిలిన గింజను మర్యాదకు పోయి మింగవద్దు, ఉమ్మేసెయ్. ఏరినవాటిని గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో, ముఖ్యంగా వానాకాలం ముసురులో. బెజవాడలో టిఫిన్‌కు పల్లీ చట్నీ, సాయంత్రం పునుగులకు మళ్లీ అదే చట్నీ కనుక ఈ ఏరుడు మీ ఇంట్లో మిగతా జాగ్రత్తలన్నిటి కంటే ఎక్కువ అక్కరకొస్తుంది. బయట బండి మీద చట్నీకి ఏ గుళ్లు వాడతారో ఎవరూ చూడరు. నేనైతే ఆ చట్నీ వేయించుకోను.

మిరపకాయల విషయం మన ఊరి విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను. కారం ఘాటు వల్ల కాలేయ క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. గొడ్డుకారం మీద నీకున్న కోపం అక్కరలేనిది. చెడు అంతా కాయ ఎండిన తీరులో ఉంది. మాఘ ఫాల్గుణాల్లో కల్లాల్లో పట్టాల మీద ఆరబోసిన కాయల మీద అకాల వాన పడితే, తడి ఆరక ముందే తొడిమ దగ్గర నుంచి లోపలికి బూజు దిగుతుంది. తెల్లబారిన తాలు కాయలను యార్డులో వేరుచేసి తక్కువ ధరకు అమ్ముతారు. ఆ తాలు పిండి మరల్లో పడి, రంగు కలుపుకుని, మెరిసే ప్యాకెట్టులో మన ఇంటికి రావచ్చు. 2003లో మన దేశం నుంచి ఐరోపా వెళ్లిన కారంలో సూడాన్ అనే, తిండిలో వాడకూడని పరిశ్రమల రంగు దొరికి ఎంత గొడవ అయిందో నాకు బాగా గుర్తు. ఆ రంగు ఎలుకల కాలేయంలో గడ్డలు పుట్టించినదే. ఐరోపా వాళ్లు ఎండుమిర్చిలో ఈ బూజు విషాలన్నీ కలిపి కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే సరుకు తీసుకోరు, అందులో అన్నిటికంటే చెడ్డదైన బి1 అయితే 5 దాటకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు! బయటి దేశం వాళ్ల కోసం అంత పట్టుదలగా వడకట్టిన మనం మన వంటింటి కారం సంగతి వచ్చేసరికి ధర తప్ప ఇంకేమీ చూడం.

నువ్వు పొడి కొనకు. కొత్త సరుకు వచ్చే రోజుల్లో కాయలే కొను. గుప్పిట్లో పట్టుకుంటే గలగలమనాలి, మెత్తగా వంగకూడదు. పది కాయలు చీల్చి లోపల చూడు. గింజల చుట్టూ బూడిదరంగు నూగు ఉంటే ఆ బస్తా వదిలేయి. తొడిమలు తీసి, రెండు రోజులు గట్టి ఎండలో పోసి, ఎండ వేడి ఆరాక దగ్గరుండి మర పట్టించి, నెలకు సరిపడా బయట ఉంచుకుని మిగతాది ఫ్రిజ్‌లో పెట్టు. ఆవకాయకు కూడా ఇదే కారం. ఉల్లిపాయ పొరల మీద కనిపించే నల్లటి మసి మాత్రం వేరే జాతి బూజు. అది అఫ్లటాక్సిన్ తయారు చేయదు. ఫోనుల్లో తిరిగే హెచ్చరికలకు భయపడక, పై పొర తీసి కడిగి, మెత్తబడిన పాయను పారేస్తే చాలు.

నూనె, పాలు కూడా ఈ దారిలోనివే. గానుగ నూనె మంచిదని ఇప్పుడు అందరూ వెళ్తున్నారు; ఏరని గుళ్లు గానుగలో పోస్తే విషంలో కొంత నూనెలోకే దిగుతుంది, రిఫైనరీలో జరిగే శుద్ధి ఇక్కడ ఉండదు. గుళ్లు నువ్వే ఏరి ఆడించుకోగలిగితే గానుగ నూనె వాడు, లేకపోతే రిఫైన్డ్ నూనె కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. ఎక్కువ భాగం విషం చెక్కలో మిగులుతుంది, చెక్కను గేదె తింటుంది, కొంత రూపం మారి పాలలోకి వస్తుంది. పాలలో కిలోకు అర మైక్రోగ్రాముకు మించి ఉండకూడదని మన ఆహార నిబంధన. కాచినా తోడుపెట్టినా అది పోదు కనుక, మీకు పాలు పోసే ఆయనతో బూజుపట్టిన చెక్క, పాచిపోయిన దాణా వేయవద్దని ఒక మాట చెప్పి ఉంచు. మనం అన్నం తినేవాళ్లం కావడం ఈ విషయంలో మన అదృష్టం. చైనాలో ఛీదోంగ్ ప్రాంతం వాళ్లు మొక్కజొన్న మాని బియ్యానికి మళ్లిన తరువాత అక్కడ కాలేయ క్యాన్సర్ మరణాలు బాగా తగ్గాయి.

ఆ అన్నమే మరీ ఎక్కువైతే మీ ఆయనకున్న రెండో చిక్కు వస్తుంది. పొట్ట పెరగడం, చక్కెర జబ్బు, ఫ్యాటీ లివర్ మూడూ చెట్టపట్టాలు వేసుకుని తిరుగుతాయి. కొవ్వు పట్టిన కాలేయం వాచి, గట్టిపడి, కొందరిలో క్యాన్సర్ దాకా పోతుంది. చక్కెర జబ్బు ఉన్నవారికి ఈ ముప్పు సుమారు రెట్టింపు. మీ ఆయన 80 కిలోలు ఉంటే, ఆరు నుంచి ఎనిమిది కిలోలు నిదానంగా తగ్గితే కాలేయంలో కొవ్వూ వాపూ తగ్గుతాయి. కంచంలో అన్నం సగం చేసి ఆ జాగాలో పప్పు, ఆకుకూర, చేప పెట్టు. నువ్వు కొట్టేసిన గోంగూర, వంకాయ, చేపల పులుసే ఆయనకు కావలసినవి. పండ్లను పండ్లుగా తిననీ, జ్యూసు తీయకు. కూల్‌డ్రింకులు ఇంటికి తేవద్దు.

మందు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. తాగవద్దు. ఆదివారం ఒక్కరోజే అంటాడని రాశావు. 60 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 20 గ్రాముల ఆల్కహాలు, పెద్ద సీసా స్ట్రాంగ్ బీరులో దానికి రెట్టింపు దాకా ఉంటుంది. బీరు చల్లనిదనీ, కల్లు చెట్టు నుంచి వచ్చిందనీ కాలేయం లెక్క తగ్గించుకోదు. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషికి, తండ్రి ఈ జబ్బుతో పోయిన మనిషికి ఇంత వరకు ఫరవాలేదని హద్దు గీసి ఇవ్వడం నావల్ల కాదు. అల్లుడికి ఈ ముక్క నా మాటగానే చదివి వినిపించు.

కాఫీ మాన్పించానని గొప్పగా రాశావు, మళ్లీ పెట్టు. కాఫీ తాగేవారిలో కాలేయ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తున్నదని చాలా దేశాల పరిశీలనల్లో వచ్చింది. 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా ఆ మాట నమోదు చేసింది. రోజుకు రెండు కప్పుల డికాక్షన్ కాఫీ, చక్కెర లేకుండా లేదా నామమాత్రంగా. ఇది మందు కాదు, అలవాటు లేనివాళ్లు మొదలుపెట్టనక్కరలేదు.

పసుపు కూరలో వేసుకున్నంత వేసుకో; గాఢంగా చేసిన పసుపు మాత్రల వల్ల కాలేయం వాచిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. కరోనా రోజుల్లో తిప్పతీగ తాగి కామెర్లు తెచ్చుకున్నవారి సంగతి కూడా ముంబై డాక్టర్లు రాశారు. పసరులో ఏం కలుపుతారో పోసేవాడికి తప్ప ఎవరికీ తెలియదు, కాబట్టి పసరు కోసం వెళ్లే ఆలోచన మానుకో.

ఈ వారంలోనే అందరినీ పరీక్షకు తీసుకువెళ్లు, పరగడుపుతో వెళ్తే చక్కెర పరీక్ష కూడా అప్పుడే అయిపోతుంది. మీ మామగారి పాత రిపోర్టులు పారేయకుండా డాక్టరుకు చూపించు. మీ మరిది హైదరాబాదులో ఉన్నాడని వదిలేయవద్దు, అక్కడే చేయించుకుని కాగితం ఫోనులో పంపమను. వచ్చే నెలలో నేను మిరపకాయలు కొంటున్నాను, మీకెన్ని కిలోలు కావాలో రాస్తే కలిపి తీసుకుని, చీల్చి చూసి, తొడిమలు తీయించి పంపిస్తాను.

ఇట్లు
మీ మేనత్త,
గుంటూరు